‘ప్రయోజనం’ అనే గడి

మా మేళ్లచెరువు నుంచి దక్షిణంగా పోతే పులిచింతల వెనుక జలాలు కనిపిస్తాయి. ఒకప్పుడు పత్తి, మిరప పండిన చేలు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. ఆ ఒడ్డునే, అదే నీళ్లలో, కొల్లూరు మునిగి ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వచ్చి చూసిన వజ్రాల గని అదే. చలికాలంలో ఆ నీళ్ల మీద బాతులు దిగుతాయి. ఉత్తరం నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి కొన్ని, మన చెరువుల్లోవే కొన్ని. కొన్నేళ్ల కిందట ముగ్గురు డిగ్రీ కుర్రాళ్లు వాటిని పడవలో వెళ్లి లెక్కపెడతామన్నారు. పెద్దవాడిగా సంతకం పెట్టడం నా వంతయింది.

ఒక కార్యాలయంలో నమూనా ఫారం ఇచ్చారు. పేరు, చిరునామా, ఆధార్, ఎన్ని రోజులు, ఎంతమంది. అన్నీ గబగబా నింపాం. చివర ‘సర్వే ప్రయోజనం’ అని ఒక గడి ఉంది, వెడల్పు రెండు వేళ్లు. కుర్రాళ్లలో ఒకడు దాంట్లో ‘తెలుసుకోవడం’ అని రాశాడు. కౌంటర్‌లో ఉన్నాయన అది చదివి, కోపం లేకుండానే, ‘తెలుసుకొని ఏం చేస్తారు సార్? ఏదన్నా ఉపయోగం ఉన్నట్టు రాయండి’ అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. తెలుగునేల మీద మొక్కల కోసం, పాముల కోసం, పిట్టల కోసం తిరిగినవాళ్లందరూ రెండున్నర శతాబ్దాలుగా ఏలినవారి ముందు ఈ గడినే నింపుతూ వచ్చారు. కంపెనీ దొరలకు, వైస్రాయికి, నిజాముకు, ఇప్పటి అటవీ శాఖకు పెట్టుకున్న అర్జీలన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. గడిలో రాసింది ఒకటి, చివరికి మిగిలింది ఇంకొకటి.

మొదట కంపెనీ కాలం చూద్దాం. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి డేన్ల మిషన్ వైద్యుడిగా వచ్చాడు. మొక్కల పిచ్చికి ఆ జీతం ఏ మూలకు? ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. 1778లో ఈస్టిండియా కంపెనీ జీతం సంపాదించి సయాం, మలక్కాల దాకా తిరిగి వచ్చాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి కన్నుమూశాడు. చివరి రోజుల్లో వైద్యం చేసింది విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ కాగితాలు లండన్‌లో ప్రకృతి పండితుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. ఆ జీవితమంతా ఒక పోషకుణ్ణి వదిలి ఇంకో పోషకుణ్ణి పట్టుకోవడంగానే గడిచింది.

అతని తర్వాత ఆ ఉద్యోగం ప్యాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. రస్సెల్ తమ్ముడు క్లాడ్ విశాఖపట్నంలో కంపెనీ అధికారి. సిఫారసు అనే మాట ఇవాళ పుట్టింది కాదు. అయితే రస్సెల్ ఊరికే కూర్చున్నవాడు కాదు. అతని గడిలో ఉన్న ప్రయోజనం పాముకాటు. కంపెనీ సిపాయిలు, కూలీలు పాము కరిచి చస్తుంటే ఏది విషసర్పమో ఏది కాదో వైద్యుడికే తెలియదు. రస్సెల్ పాములు పట్టించి, కోళ్లను, కుక్కలను కాటు వేయించి చూశాడు. అప్పట్లో పేరున్న తంజావూరు మాత్రను కూడా పరీక్షకు పెట్టాడు. విరుగుడు మాత్రం దొరకలేదు. 1796లో కంపెనీ ఖర్చుతో అచ్చయిన కోరమాండల్ పాముల పుస్తకం మిగిలింది.

ఆ పుస్తకంలో బొమ్మల పక్కన ఉన్న పేర్లు చూస్తే మనకు ఒళ్లు పులకరిస్తుంది. లాటిన్ పేర్లు పెట్టే తొందర రస్సెల్‌కు లేదు. పట్టి తెచ్చినవాడు ఏమన్నాడో అదే తన చెవికి తోచిన స్పెల్లింగులో రాసుకున్నాడు. ఒళ్లంతా పసుపు, నలుపు పట్టీలున్న పామును ‘బంగారు పాము’ అన్నారు, అలాగే రాశాడు. కొన్నేళ్లకు ఫ్రాన్సులో దోదాఁ అనే పండితుడు ఆ మాట పట్టుకొని కట్లపాముల ప్రజాతికి ‘బుంగారస్’ అని పేరు పెట్టాడు. ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడ కట్లపాము కరిచినా వైద్యుడి చీటీలో తెలుగు ‘బంగారం’ పడుతుంది. ఇప్పుడు రస్సెల్ పేరుతోనే పిలిచే రక్తపింజరిని అతను ‘కాటుక రేకుల పొడ’గా నమోదు చేశాడు. కళ్లకు కాటుక దిద్దినట్టు గొలుసు మచ్చలున్న ఆ పామును అంతకంటే బాగా చెప్పిన మాట నేను ఏ భాషలోనూ వినలేదు. 1803లో వచ్చిన రెండు వందల విశాఖ చేపల పుస్తకంలోనూ జాలరుల పేర్లే ఉన్నాయి. కంపెనీ కోరింది విరుగుడు మందు. మనకు దక్కింది మన చేపల, పాముల పేర్ల పట్టిక.

రాక్స్‌బర్గ్ ఇంకా గడుసువాడు. సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉంటూ మన్యం కొండల్లో అడవి మిరియాల తీగ కనిపెట్టాడు. మిరియం అంటే ఆ రోజుల్లో నగదు. మిరియాల తోట, నీలిమందు, చెరకు, పట్టు, రంగుల వేర్లు అంటూ ఒక్కొక్కటీ అర్జీలో ప్రయోజనంగా చూపించి, ఆ చాటున కనపడిన ప్రతి మొక్కనూ బొమ్మ గీయించాడు. 1787లో ఉప్పెన వచ్చి కోరంగి తీరాన్ని ముంచినప్పుడు తన పుస్తకాలు, ఎండబెట్టిన మొక్కలు పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి సింకోనాకు బదులు పనికొస్తుందని రాసి పంపితే కంపెనీ ఉత్సాహపడింది. ఆ చెట్టు ప్రజాతికి ‘సోయ్‌మిడా’ అన్న పేరు మన సోమిద నుంచే వచ్చింది. 1793లో కలకత్తా తోటకు మారే నాటికే బొమ్మలు వందల్లో ఉన్నాయి. వాటి నుంచి బ్యాంక్స్ ఎంచిన 300 పటాలు 1795 మొదలు 1820 దాకా లండన్‌లో వెలువడ్డాయి.

ఇవాళ సామర్లకోటను మిరియాల కోసం తలచేవాడు లేడు. మొక్కల శాస్త్రం చదివేవాడు మాత్రం రాక్స్‌బర్గ్ పేరు దాటి ముందుకు పోలేడు. ఆ పటాలు గీసినవాళ్లెవరో మాత్రం తెలియదు. ఆకు వెనక ఈనె ఎటు తిరిగిందో, కాయ చీలితే గింజ ఏ రంగో వెంట్రుకవాసి తేడా లేకుండా గీసిన ఆ చిత్రకారులు ఈ దేశం వాళ్లే. కంపెనీ జీతాల పుస్తకంలో వాళ్లది ఒక ఖర్చు పద్దు. అంతే.

ఇక మా వైపు వద్దాం. మొక్కలకూ పాములకూ ప్రయోజనం వెతకాలి, రాళ్లకు ఆ ఇబ్బంది లేదు. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేకు 1818లో వైద్యుడు కావలసి వస్తే, రాళ్లు తెలిసిన వైద్యుడు హెన్రీ వాయ్‌సీని వేశారు. డేరాలు, గుర్రాలు, కూలీలు సర్వేవే. వాయ్‌సీ రోగులను చూస్తూ రాళ్లు చూసుకున్నాడు. నిజాం రాజ్యపు రాళ్లను తిరిగి చూసి, దక్షిణ దేశపు వజ్రాల గనుల మీద రాశాడు. 1824లో చిన్న వయసులోనే దారిలో పోయాడు. ఆ తర్వాత భూగర్భ సర్వే సంస్థ వచ్చింది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ సున్నపురాయి పొరలే పల్నాడు దాటి కృష్ణకు ఇవతల మా ఊరి కిందికీ వచ్చాయి. స్వయంభూ శంభులింగేశ్వరుడి శివరాత్రి జాతరకు వచ్చేవాళ్లకు దూరం నుంచే ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించేది అందుకే. సున్నపురాయి కోసం అర్జీ పెట్టినవాడు ఎన్నడూ ప్రయోజనం గడి దగ్గర ఆగి ఉండడు.

ఉద్యోగమే మద్దతుగా మార్చుకున్నవాళ్లు ఇంకో తెగ. మద్రాసు అటవీ శాఖను 1860 నుంచి రెండు దశాబ్దాలకు పైగా నడిపిన బెడ్డోమ్ ఎవరికీ అర్జీ పెట్టనక్కర లేదు. అనుమతి ఇచ్చేవాడే అతను. తూర్పు కనుమల బల్లులు, పాములు, ఫెర్న్ మొక్కలు ఎన్నో అతని చేతి మీదుగా పేరు పొందాయి. శేషాచలం బంగారు బల్లి వాటిలో ఒకటి.

సర్జన్ థామస్ జెర్డన్‌ది వేరే దారి. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు యానాదుల దగ్గర కూర్చొని పిట్టల సంగతులు నేర్చుకున్నాడు. ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏది ఏ వేళ అరుస్తుందో వాళ్లకు తెలిసినంత మద్రాసులో ఎవరికీ తెలియదని అతనికి అర్థమయింది. అతని పక్షుల గ్రంథంలో ఇంగ్లిషు పేర్ల పక్కన తెలుగు పేర్లు ఉన్నాయంటే కారణం అదే. పాతికేళ్ల పోగు చేతిలో ఉంచుకొని 1861లో వైస్రాయి కానింగ్‌ను అడిగాడు: ‘ఈ దేశపు వెన్నెముక జంతువులన్నిటి మీదా పుస్తకాలు రాస్తాను, నన్ను డ్యూటీ నుంచి విడిపించండి’ అని. కానింగ్ ప్రత్యేక డ్యూటీ మీద వేశాడు. వచ్చే ఏడాది నుంచే పక్షుల సంపుటాలు రావడం మొదలయింది. నాకు తెలిసినంతలో ఈ చరిత్ర మొత్తంలో ‘తెలుసుకోవడం’ అనే ప్రయోజనానికి సర్కారు నేరుగా సరే అన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కించవచ్చు. ఇది వాటిలో ఒకటి. అది కూడా చేతిలో పని సగం పూర్తయి ఉన్నవాడికి.

బయటి ప్రపంచంలోనూ ఇంతే. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అమెజాన్ నుంచి తెస్తున్న నమూనాలు 1852లో ఓడతో సహా నడిసముద్రంలో తగలబడిపోయాయి. డబ్బులేని మనిషి. మరుసటి ఏడాది లండన్ భౌగోళిక సంఘాన్ని ఆశ్రయించి మలయా దీవులకు ఉచిత ప్రయాణం కోరాడు. సంఘం అధ్యక్షుడు మర్చిసన్ మాట సాయంతో నౌకాదళం ఓడలో చోటిచ్చారు. పెట్టెలు ఎక్కించి పోర్ట్స్‌మత్‌లో కూర్చుంటే, క్రిమియా యుద్ధం వచ్చి ఆ ఓడ అటు మళ్లింది. మళ్లీ వెంటపడి 1854 మార్చిలో స్టీమరు టికెట్ సాధించాడు. ఆ టికెట్ ఇచ్చింది సర్కారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అడవుల్లో పిట్టల్ని కొట్టి, తోలు వలిచి, వండిపెట్టి, జ్వరం వస్తే చూసుకుంది సరవాక్ కుర్రాడు అలీ. వాలెస్ కనీసం అతని పేరు రాసిపెట్టాడు.

ఇరవయ్యో శతాబ్దంలో పోషకులు మారారు. 1929 నుంచి వెర్నే అనే ధనవంతుడి సొమ్ముతో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం మనుషులతో తూర్పు కనుమల సర్వే సాగింది. డబ్బు సొంతదైతే గడి నింపే పని సగం తగ్గుతుంది.

ఆ వెంటనే సలీం అలీ వచ్చాడు. బొంబాయి మ్యూజియంలో ఉన్న చిన్న ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నాడు. అప్పుడు అతనికి తట్టిన ఉపాయం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. సంస్థానాధీశులకు సంఘం తరఫున ఉత్తరాలు రాయించాడు. ‘మీ రాజ్యంలో ఏ పిట్టలున్నాయో లెక్క తీసి ఇస్తాను. జీతం వద్దు. డేరా, బండి, మనుషుల ఖర్చు పెట్టుకుంటే చాలు’ అని. మొదట సరేనన్నవాటిలో నిజాం సర్కారు ఒకటి. 1931, 32లలో భార్య తెహ్మీనాతో కలిసి తెలంగాణ అడవుల్లో, మరాఠ్వాడా కొండల్లో గుడారాలు వేసుకున్నాడు. అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు అడవులు కూడా ఆ దారిలోనే. హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే 1933, 34లలో సంఘం పత్రికలో భాగాలుగా అచ్చయింది. ఉచితం అంటే ఏ సర్కారైనా ఆలకిస్తుందన్న కిటుకు సలీం అలీ అప్పుడే పట్టాడు. ఇంకో పక్క నుంచి చూస్తే, దేశంలోకెల్లా ధనవంతుడని పేరున్న రాజు ఏలుబడిలో పక్షిశాస్త్రానికి జీతం లేదు. తిరువాన్కూరు, కొచ్చిన్ సర్వేలు కూడా ఈ దారిలోనే నడిచాయి.

ఇప్పుడు కలివికోడి. మొత్తం ప్రశ్న ఈ ఒక్క పిట్టలో ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

జెర్డన్ తూర్పు కనుమల్లో చూసిన ఈ పిట్టకు 1848లో బ్లైత్ అనే పండితుడు శాస్త్రీయనామం పెట్టాడు. 1900 తర్వాత మరెవరికీ కనిపించలేదు. వెర్నే సర్వే వెతికింది, సలీం అలీ వెతికాడు. లేదు. పుస్తకాల్లో దాదాపు అంతరించినట్టే రాసేశారు. 1980ల మధ్యలో బొంబాయి సంఘం నుంచి భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చి, బొమ్మ చూపిస్తూ ఊళ్లు తిరిగాడు. పగటిపూట వెతికితే దొరకని పిట్ట రాత్రి తిరుగుతుందని కలివి పొదల పక్కన బతికేవాళ్లకు తెలుసు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక పిట్టల వేటగాడు టార్చి వెలుతురులో దాన్ని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. ఎనభై ఆరేళ్ల పండితుల అన్వేషణ ఒక వేటగాడి చేతిలో ముగిసింది. ఆ పిట్ట బతకలేదు.

సర్కారు మద్దతు ఆ తర్వాత వచ్చింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రెండువేల సంవత్సరం తర్వాత పరిశోధకులు పిట్టను పట్టుకోకుండా వెతికే పద్ధతి తెచ్చారు. పొదల నడుమ నేల మీద మెత్తటి మట్టి జల్లెడ పట్టి పట్టీలుగా పరుస్తారు. రాత్రి ఏది నడిచినా అడుగు పడుతుంది. తెల్లవారుజామున టార్చి పక్కవాటుగా వేసి చూస్తారు. కౌజు అడుగు చిన్నది, తీతువుది ఇంకోలా ఉంటుంది. కలివికోడికి మూడు వేళ్లే, వెనక వేలు ముద్ర ఉండదు. రోజూ మట్టి సర్ది, రోజూ వంగి చూడాలి. దానికి తోడు రాత్రి కెమెరాలు, టేపులో వినిపించే దాని కూత. ఒక పరిశోధనకు మద్దతు అంటే అసలు ఇది: వాచర్లు, జీపు, డీజిలు, ఏడాది పొడవునా కదలకుండా నిలిచే అనుమతి కాగితం. ఆ రోజుల్లోనే, 2005లో, తెలుగుగంగ కాలువ పనికి పొక్లెయిన్లు ఆ పొదల్లో దిగాయి. కాలువ ప్రయోజనం ఏమిటో రెండు వేళ్ల గడిలో పట్టేంత స్పష్టంగా ఉంది. ఆ నీళ్లు కావలసిన రైతును తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ వెతికేవాడికీ తవ్వేవాడికీ అనుమతులు ఇచ్చేది ఒకే సర్కారు. ఒక చేయి రాసింది ఇంకో చేయి చదివి ఉంటే కాలువ దారి కోసం పిట్ట మనుషులు పై మెట్లెక్కే అవసరం ఉండేది కాదు.

నేటి చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అభయారణ్యంలో అధ్యయనం చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ప్రాణిని పట్టాలంటే 12వ సెక్షన్. మొదటి షెడ్యూలులోని ప్రాణి అయితే కేంద్రం ముందుగా ఒప్పుకోవాలి. విదేశీయుడైతే 2002 జీవవైవిధ్య చట్టం 3వ సెక్షన్ ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప తొక్కాలి.

ఇవేవీ ఊరికే పుట్టినవి కావు. రస్సెల్, రాక్స్‌బర్గ్ పోగుచేసింది ఎక్కడ ఉందో చూస్తే చాలు. గుత్తి నీలి సాలీడు కథ ఇంకా దగ్గరది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క నమూనాతో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. వందేళ్లు దాటాక 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అంతే, విదేశాల్లో సాలీళ్లు పెంచుకునేవారి ఇళ్లలోకి చేరిపోయింది. ఆ మెరిసే నీలం రంగే దానికి శాపమైంది. కాబట్టి కాపలా ఉండాల్సిందే.

చిక్కు ఎక్కడంటే, దొంగకూ చదువుకునేవాడికీ ఒకటే కిటికీ. 2018లో సైన్స్ పత్రికలో ప్రతాపన్ తదితరులు, 35 దేశాల నుంచి 172 మంది మద్దతు సంతకాలతో, ఇదే మొరపెట్టుకున్నారు: దేశాల హక్కులను కాపాడడానికి వచ్చిన నిబంధనలు పురుగు ఏదో, మొక్క ఏదో పేరు పెట్టే పనినే కట్టేస్తున్నాయని. నా మటుకు నాకు వాళ్ల మాట ముప్పాతిక నిజం. మిగతా పాతిక గురించి పేచీ ఉంది. నమూనాలు సముద్రం దాటిపోయిన చరిత్ర ఉన్న దేశానికి అనుమానం సహజం. అయితే దొంగ కిటికీ దగ్గరికే రాడు. వచ్చేవాళ్లు కాలేజీ పిల్లలు, మాస్టార్లు, పదవీ విరమణ చేసిన పిట్టల పిచ్చివాళ్లు. చెప్పులరిగేది వాళ్లవే. ఫైలు కదిలేలోపు వాన కాలం పోతుంది, పువ్వు రాలుతుంది, ప్రాజెక్టు గడువు తీరుతుంది.

సర్కారు వేగంగా కదలలేదని కాదు. 2020 జనవరిలో మా మేళ్లచెరువు, చింతలపాలెం వైపు భూమి కంపించింది. జనం రాత్రుళ్లు ఇళ్ల బయట పడుకున్నారు. హైదరాబాద్ నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు వచ్చి యంత్రాలు పెట్టారు. ఎవరూ ఫారం ఇచ్చి ప్రయోజనం రాయమనలేదు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్ర సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, నల్లమల జనం లేచారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. భయం, లాభం, ఈ రెండు మాటలూ ఏ గడిలోనైనా చక్కగా పడతాయి. రస్సెల్‌కు పాముకాటు భయం ఉపయోగపడింది, రాక్స్‌బర్గ్‌కు మిరియాల లాభం. వాళ్లు ఆ మాటల చాటున తమ పని చేసుకుపోయారు. ఇవాళ్టి కుర్రాడికి ఆ గడుసుతనం నేర్పాలా, గడి వెడల్పు పెంచమని అడగాలా అన్నది నాకు ఇంకా తేలలేదు.

ఇక మా బాతుల సంగతి. కౌంటర్ ఆయన మాట విని ‘చేపల దిగుబడిపై పక్షుల ప్రభావం’ అని రాశాం. చదివి మెచ్చుకున్నాడు. తర్వాత తెలిసింది, పడవ నీళ్లలో దిగాలంటే డ్యాం చూసేవాళ్లనూ అడగాలని. డ్యాం చూసేది ఆంధ్రప్రదేశ్. నీళ్లలో సగం వాళ్లది, సగం మనది. సరిహద్దు నది నడుమ పోతుంది. ఇక్కడివాళ్లు అక్కడ అడగమన్నారు, అక్కడివాళ్లు ముందు ఇక్కడి కాగితం తెమ్మన్నారు. జనవరి గడిచింది, ఫిబ్రవరి సగమైంది.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే ఒడ్డు మీద కూర్చొని బైనాక్యులర్లతోనే లెక్కపెట్టాం. మునిగిపోయిన ఊరి తాళ్లు రెండు నీళ్లలోంచి మొండాలుగా నిలబడి ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మాతో వచ్చిన జాలరి వెంకన్న తాత బైనాక్యులర్ వద్దన్నాడు. కంటితోనే చూసి, ‘ఆ ముద్దలో నూరుంటయ్ బిడ్డా, అవతల దాంట్లో ఇంకో అరవై’ అన్నాడు. మేం లెక్కిస్తే నూట నాలుగు వచ్చాయి. అవతలి గుంపు దగ్గర కుర్రాడు పెన్ను ఆపాడు. అవి నది సగం దాటి ఉన్నాయి. ‘సార్, వాటికి మనం పర్మిషన్ అడగలేదు కదా’ అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. నోటుబుక్కులో ఆ వరుస ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పక్కన పెన్సిలుతో ‘తాత లెక్క: 60’ అని ఉంది.